పొట్ట పెరిగితే ఎదుగుదల హార్మోను ఎందుకు తగ్గుతుంది?

పొద్దంతా మిరప చేనులో ఒళ్లు వంచిన మనిషి ములుగులో దుకాణం పెట్టుకుని కూర్చుంటే, కొన్నేళ్లకే లుంగీ ముడి బొడ్డు కిందికి జారుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మగవాళ్లలో సుమారు మూడోవంతు మంది అధిక బరువుతో ఉన్నారు. ఆ పొట్టకూ ఎదుగుదల హార్మోనుకూ దగ్గరి లంకె ఉంది.

ఎదిగే వయసు దాటాక ఆ హార్మోనుతో పనేమిటి?

ఎత్తు పెంచడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి దాన్ని విడతలు విడతలుగా వదులుతుంది. మగవాళ్లలో పెద్ద విడత రాత్రి తొలి గాఢనిద్రలో వస్తుంది. మనం ఏమీ తినని ఆ వేళ అది నిల్వ కొవ్వును కరిగించి ఇంధనంగా పంపుతుంది, కండను కాపాడుతుంది.

పొట్ట పెరిగితే ఎందుకు తగ్గుతుంది?

కొవ్వు కణజాలాన్ని గరిసె అనుకోండి. చర్మం కింద చోటు చాలకపోతే మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. రక్తంలో ఇన్సులిన్, కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. ఆ రెండూ హార్మోను విడుదలను అణచేస్తాయి. హార్మోను తగ్గితే పొట్టలో కొవ్వు కదలదు. కదలని కొవ్వు హార్మోనును ఇంకా తగ్గిస్తుంది.

కొవ్వుకూ ఆరోగ్యం ఉంటుందా?

ఉంటుంది. ఆరోగ్యమైన కొవ్వుకణం తిన్నదాన్ని భద్రంగా దాచి, అవసరానికి ఇస్తుంది. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడే అడిపోనెక్టిన్‌ను తయారుచేస్తుంది. పట్టనంత ఉబ్బిన కణాలకు ప్రాణవాయువు చాలదు. కొన్ని చనిపోతాయి. వాటి చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి వాపు మొదలవుతుంది. షుగరుకు దారి పడేది ఇక్కడే.

మరి ఆ హార్మోను సూది వేయించుకుంటే?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు పొట్ట ఉన్న 30 మంది మగవాళ్లపై 9 నెలలు పరీక్షించి, 1997లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి హార్మోను, మిగతావారికి మందు లేని సూది ఇచ్చారు. హార్మోను అందినవాళ్లలో పేగుల చుట్టూ కొవ్వు 18 శాతం దాకా తగ్గింది. అయితే మొదటి వారాల్లో ఇన్సులిన్ పనితీరు దెబ్బతిని, తర్వాతే మెరుగైంది. షుగరు పెరగడం, కాళ్ల వాపు, కీళ్ల నొప్పులు ఈ మందుతో వచ్చే చిక్కులు. బరువు తగ్గడానికి దీనికి ఆమోదం లేదు. వ్యాయామశాలలో ఎవరో ఇచ్చారని వేయించుకోకండి.

ఇంకేం చేయాలి?

బరువు తగ్గితే సొంత హార్మోను మళ్లీ పుంజుకుంటుంది. పక్కటెముకల చివరకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ టేపు పెట్టి కొలవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. రాత్రి అన్నం తొందరగా, కొంచెం తక్కువగా తినండి. రోజూ చెమట పట్టేలా నడవండి, బరువులెత్తండి. గురక గట్టిగా ఉంటే డాక్టరుకు చూపించండి, అది గాఢనిద్రను చెడగొడుతుంది. సూదిలో వెతుక్కునే ఆ హార్మోనును మన ఒళ్లే రాత్రిపూట ఉచితంగా ఇస్తుంది. దాని దారికి అడ్డం తీయడమే మన పని.