యేసు జీవితం, పునరుత్థానం: చారిత్రక సాక్ష్యాల పరిధి

మత స్థాపకుల జీవితాలను పరిశీలించేటప్పుడు చరిత్రకారుని ముందు రెండు వేర్వేరు ప్రశ్నలు నిలుస్తాయి. ఆ వ్యక్తి నిజంగా జీవించాడా అన్నది మొదటిది. ఆయన విషయంలో అనుయాయులు ప్రకటించిన అద్భుతం నిజంగా జరిగిందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సరిపోయే సాక్ష్యం రెండవదానికి చాలకపోవచ్చు. యేసు విషయంలో ఈ భేదాన్ని విస్మరించినందువల్లనే ఒకవైపు అతివిశ్వాసం, మరొకవైపు సంపూర్ణ నిరాకరణ ప్రబలాయి. ధాతుచైత్యాలను అధ్యయనం చేసేవారికి ఈ సమస్య కొత్తది కాదు.

గ్రంథ సాక్ష్యం

క్రైస్తవేతర రచనల్లో రెండు ప్రధానమైనవి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సా.శ. 116 ప్రాంతంలో రచించిన 'అన్నల్స్' 15వ భాగంలో, తిబెరియ చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు క్రీస్తుకు మరణదండన విధించినట్లు పేర్కొన్నాడు. క్రైస్తవులను తీవ్రంగా ఏవగించుకున్న రచయిత కనుక వారికి అనుకూలంగా కల్పించాడని అనుకోవడానికి వీలులేదు. అయితే ఈ సమాచారం రాజ్యపత్రాల నుండి వచ్చిందో, క్రైస్తవుల నోట విన్నదో ఆయన చెప్పలేదు. ఈ భాగానికి లభిస్తున్న అత్యంత ప్రాచీన వ్రాతప్రతి 11వ శతాబ్దిది.

యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93–94లో ముగించిన యూదుల చరిత్రలో యేసును రెండుచోట్ల ప్రస్తావించాడు. 20వ భాగంలో యాకోబు వధను వర్ణిస్తూ, అతణ్ణి క్రీస్తు అనబడే యేసుకు సోదరునిగా పరిచయం చేశాడు. దీనిని అధిక సంఖ్యాక పండితులు ప్రామాణికంగా అంగీకరిస్తారు. 18వ భాగంలోని ప్రస్తావన వేరు. యేసే క్రీస్తు అనీ, మూడవనాడు సజీవుడై కనిపించాడనీ అందులో ఉంది. క్రైస్తవుడు కాని యూదుడు ఇలా రాయడం అసంభవం కనుక, ఆ వాక్యాలు తరువాతి లేఖకుల ప్రక్షేపాలని ఎక్కువమంది అభిప్రాయం. 1971లో ష్లోమో పైన్స్ వెలుగులోకి తెచ్చిన 10వ శతాబ్ది అరబిక్ పాఠంలో ఇవే మాటలు మరింత సంయమనంతో కనిపిస్తాయి. కాబట్టి ఈ భాగాన్ని పునరుత్థానానికి సాక్ష్యంగా చూపడం చెల్లదు.

పురావస్తు సాక్ష్యం

యేసు జీవితకాలంలో ఆయన పేరుతో వెలువడిన శాసనమేదీ లభించలేదు. గ్రామీణ బోధకుని విషయంలో ఇందులో ఆశ్చర్యం లేదు. పురావస్తు శాస్త్రం చూపగలిగింది ఆయన కాలపు నేపథ్యాన్ని. 1961లో కైసరయ ప్రాచీన నాటకశాలలో మెట్టుగా తిరిగి వాడిన ఒక రాయి బయటపడింది. దానిపై పిలాతు పేరు, యూదయ 'ప్రిఫెక్ట్' అన్న పదవీనామం ఉన్నాయి. టాసిటస్ మాత్రం అతణ్ణి 'ప్రొక్యురేటర్' అన్నాడు. ఆ విధంగా గ్రంథంలోని పదవీనామాన్ని శాసనం సరిదిద్దింది. 1968లో యెరూషలేము సమీపాన దొరికిన ఒక అస్థిపేటికలో ఇనుపమేకు దిగబడిన మడమ ఎముక ఉంది. సిలువ శిక్ష పొందినవారిలో కొందరికైనా కుటుంబ సమాధిలో స్థానం దక్కేదని దీనివల్ల తెలుస్తుంది. యేసుకు అలాగే దక్కిందని మాత్రం ఇది నిరూపించదు.

లభ్యస్థానం తెలియని వస్తువులు ఎంత ప్రమాదకరమో మరి రెండు ఉదంతాలు బోధిస్తాయి. యేసు సోదరుడైన యాకోబు పేరు గల అస్థిపేటిక 2002లో పురావస్తువుల విపణి ద్వారా ప్రచారంలోకి వచ్చింది. కూటసృష్టి ఆరోపణపై జరిగిన విచారణలో 2012లో నిందితులు ఆ అభియోగం నుండి విముక్తులయ్యారు. నేరం రుజువు కాలేదన్నదే ఆ తీర్పు సారాంశం. పేటికలోని రాత అసలైనదని న్యాయస్థానం ధ్రువీకరించలేదు. రెండవది 1878లో పారిస్ చేరిన 'నజరేతు శాసనం'. సమాధుల నుండి శవాలను తొలగించేవారికి మరణదండన విధించే ఈ గ్రీకు రాజాజ్ఞను ఖాళీ సమాధి వార్తతో కొందరు ముడిపెట్టారు. 2020లో ప్రచురితమైన ఐసోటోపు పరీక్ష ఆ చలువరాయి కోస్ ద్వీపపు గనిదని సూచించింది. దానితో గలిలయతో ముడిపెట్టిన వాదం బలహీనపడింది.

పునరుత్థాన వాదం

ఈ విషయమై అత్యంత ప్రాచీన రచన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక. రచనాకాలం 50ల మధ్యభాగం. యేసు దర్శనం పొందినవారిగా కేఫాను, పన్నెండుగురిని, ఐదువందలకు పైగా సోదరులను, యాకోబును, అపొస్తలులందరినీ చెప్పి, చివర తననూ చేర్చుకున్నాడు. తనకు అందినదానినే అప్పగిస్తున్నానన్నాడు. భాణక పరంపరను ఎరిగిన పాఠకులు ఈ మౌఖిక సంక్రమణ రీతిని వెంటనే గుర్తిస్తారు. యేసు మరణం సుమారు 30–33 మధ్య జరిగింది కనుక, ఈ విశ్వాసం శతాబ్దాల తరువాత పుట్టిన కథ కాదని స్పష్టం.

అయితే పౌలు ఖాళీ సమాధిని ప్రత్యేకంగా పేర్కొనలేదు. 70 ప్రాంతపు మార్కు సువార్త, 4వ శతాబ్ది నాటి సైనాయి, వాటికన్ ప్రతులలో, స్త్రీలు భయంతో సమాధి నుండి పారిపోవడంతోనే ముగుస్తుంది. శిష్యులకు దర్శనం గలిలయలో అని మత్తయి, యెరూషలేము పరిసరాల్లో అని లూకా చెప్తారు. వీటన్నిటిని బట్టి చరిత్రకారుడు నిర్ధారించగలిగింది ఒక్కటే: యేసు సిలువపై మరణించాడు, కొద్ది కాలంలోనే ఆయనను చూశామని అనుయాయులు మనఃపూర్వకంగా నమ్మారు. ఆ అనుభవం దైవకార్యమా, దుఃఖంలో కలిగిన దర్శనమా అన్నదానికి సమాధానం సాక్ష్యాల నుండి రాదు, సమాధానం చెప్పేవారి తత్త్వదృష్టి నుండి వస్తుంది.

మనకూ అదే కొలబద్ద

యేసు భారతదేశానికి వచ్చి బౌద్ధం అభ్యసించాడన్న కథ బౌద్ధులకు ప్రీతి కలిగించవచ్చు. లడఖ్‌లోని హెమిస్ విహారంలో తత్సంబంధ గ్రంథాన్ని చూశానని 1894లో నికొలాస్ నొటొవిచ్ ప్రకటించాడు. మాక్స్ ముల్లర్ దానిని ఖండించాడు. 1895లో ఆగ్రా కళాశాల ఆచార్యుడు డగ్లస్ హెమిస్‌కు స్వయంగా వెళ్ళగా, అటువంటి గ్రంథమేదీ లేదని విహారాధిపతి చెప్పాడు. ఆ ప్రతి పండితుల స్వతంత్ర పరిశీలనకు ఎన్నడూ అందలేదు. మన పరంపరకు గౌరవం తెచ్చేదైనా, పరిశీలనకు నిలవని కథను భిక్షువులు ఆమోదించనవసరం లేదు.

1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన కరండాలపై బ్రాహ్మీ లిపిలో బుద్ధధాతువుల ప్రస్తావన ఉంది. వాటిని నిక్షేపించినవారి శ్రద్ధకు అది తిరుగులేని సాక్ష్యం. ఆ అస్థిశకలం ఎవరిదన్న ప్రశ్నకు శాసనం ఒక్కటే సమాధానం చెప్పలేదు. లుంబిని స్తంభం సైతం, బుద్ధుడు అక్కడ జన్మించాడని అశోకుని కాలంలో ప్రజలు నమ్మారన్నదానినే ప్రత్యక్షంగా చూపుతుంది. ఇతరుల విశ్వాసాన్ని తూచే త్రాసులో మన విశ్వాసాన్నీ తూచినప్పుడే పరిశోధనకు నిజాయితీ, మతాంతర సంభాషణకు మర్యాద నిలుస్తాయి.