ఆకసమునుండి చూచిన మన దీపములు

రాత్రివేళ అంతరిక్షమునుండి తీసిన మన దేశపు ఛాయాచిత్రమును సోదరీమణులలో పెక్కుమంది చూచియే యుందురు. ఏటేట దీపావళి సమీపించుసరికి అట్టి రంగుల చిత్రమొకటి చేతి ఫోనులలో ఇంటింటికి తిరుగుచుండును. దేశమంతయు తెలుపు, నీలము, ఆకుపచ్చ, ఎఱుపు వన్నెలతో మెఱయుచుండ, పండుగనాటి రాత్రి మన భారతదేశమిట్లుండునని క్రింద వ్రాసియుందురు. ఆ వ్రాత నిజము కాదు. అది క్రిస్టఫర్ ఎల్విడ్జ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పెక్కేండ్ల చిత్రములను కలిపి కూర్చినది. 1992కు పూర్వమే యున్న వెలుగు అందు తెలుపు, 1992లో క్రొత్తగ కానవచ్చినది నీలము, 1998లోనిది ఆకుపచ్చ, 2003లోనిది ఎఱుపు. దీపావళినాడు హెచ్చగు వెలుగు అంత యెత్తునుండి చూచువారికి దాదాపు తెలియనే తెలియదని నాసా సంస్థవారు 2012లో చెప్పిరి. పండుగను చూపకున్నను ఆ చిత్రము వ్యర్థము కాదు. ఏ యూరికి ఏ కాలమున విద్యుద్దీపము వచ్చినదో, ఏ సీమ ఇంకను చీకటిలో నున్నదో అది చెప్పును. అట్టి చిత్రములనుబట్టి ఒక ప్రాంతపు కలిమిలేములను ఎంతవఱకు గ్రహింపవచ్చునో విచారింప దలచితిమి.

వీని పుట్టుక వింతయైనది. 1960 దశకమున అమెరికా సైన్యమువారు మబ్బులెచ్చట నున్నవో తెలిసికొనుటకై ఉపగ్రహములను పంపిరి. వెన్నెలలో మబ్బును చూడగల కంటికి పట్టణముల దీపములును కనబడినవి. 1992 మొదలు 2013 వఱకు తీసిన చిత్రములు ఏటి కొక్కటిగా కూర్చబడి భద్రముగా నున్నవి. అయితే ఆ పాత కన్ను వెలుగును 0 మొదలు 63 వఱకే లెక్కింపగలదు. పెద్దపట్టణముల నడిబొడ్డున లెక్క 63 కడనే యాగిపోవును. సోల నిండిన పిదప ఎంత ధాన్యము పోసినను సోలెడే యనినట్లు. 2011 అక్టోబరు 28న సువోమి అను క్రొత్త ఉపగ్రహము ఎగిరినది. అది సుమారు 830 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, నేలను ముప్పాతిక కిలోమీటరు గళ్లుగా చేసి చూచును. చుక్కలముగ్గులో ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గడియని యెంచుకొనుడు. మబ్బు పట్టిన రాత్రులను తీసివేసి, వెన్నెల వెలుగును వేఱుచేసి, మిగిలినదానితో నెలకొక చిత్రము కూర్తురు. మన వానకాలపు నెలలలో మిగులు రాత్రులు బహు స్వల్పము.

వెలుగునకును కలిమికిని గల సంబంధము ఊహింప కష్టము కాదు. అంగడి, కర్మాగారము, రహదారి, రైల్వేస్టేషను, వీధిదీపము - ఇవన్నియు ధనమున్న చోటనే హెచ్చును. దేశాదాయపు లెక్కలు సరిగా లేని దేశములలో వెలుగు పెరుగుదలతో ఆ లెక్కలను సరిదిద్దవచ్చునని హెండర్సన్, స్టోరీగార్డ్, వైల్ అను మువ్వురు ఆర్థికశాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి. ఉత్తర కొరియా చీకటిగాను, దక్షిణ కొరియా దేదీప్యమానముగాను కనబడు చిత్రము లోకప్రసిద్ధము. మన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు 2012 మొదలు 2021 వఱకు దేశమున రాత్రివెలుగు 43 శాతము పెరిగినదని తేల్చిరి. బీహారు వంటి రాష్ట్రములలో పెరుగుదల మిక్కిలి హెచ్చు. గృహిణులకు దీని కీలకము సులభముగా తెలియును: ఒక్క దీపమున్న యింట రెండవది పెట్టినచో నూఱు శాతము పెరిగినట్లే, ఇరువదియున్న యింట రెండు పెట్టినను పదిశాతమే!

ఇక మా ప్రాంతమును చూతము. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆరంభమై ఉత్తరాంధ్రమునకు వెలుగు నిచ్చినది. నేటి రాత్రిచిత్రమున విశాఖపట్టణము పెద్ద వెలుగుముద్ద. అచ్చటినుండి జాతీయరహదారి వెంబడి శ్రీకాకుళము వఱకు వెలుగుచుక్కలు కూర్చినట్లుండును. నడుమ పైడిభీమవరమున ఔషధ కర్మాగారములు రాత్రియంతయు మెలకువగా నుండును. రహదారికి ఎడముగా నున్న మా రాజాము చిన్న చుక్కల గుంపు. జనపనార మిల్లులు, 1997లో వెలసిన ఇంజనీరింగు కళాశాల, దాపున సంకిలి చక్కెర కర్మాగారము మా వెలుగునకు మూలములు. ఆవల సీతంపేట కొండలవైపు నలుపే నలుపు. 1757లో బొబ్బిలికోట మండుచుండగా తాండ్ర పాపారాయడు మా రాజామున నుండియు సకాలమున ఎఱుగలేకపోయెనందురు. నేడు ఆకసమునుండి ప్రతి వెలుగును కనిపెట్టుచున్నారు.

కాని ఆ కన్ను ఏ వేళ చూచుచున్నదో ముందుగా అడుగవలెను. పాత ఉపగ్రహములు చీకటిపడిన కొంతసేపటికే, వంటలు, పిల్లల చదువులు సాగుచుండగా వచ్చెడివి. సువోమి వచ్చునది రాత్రి ఒంటిగంటన్నరకు, అనగా మూడవ జామున. ఆ వేళ మన పల్లెలలో వెలుగునది వీధిస్తంభము, పాలకేంద్రము, పెట్రోలుబంకు. బాలిక లెక్కలు చేసికొన్న దీపము, అత్తగారు కూర ఏఱుకొన్న దీపము, కుట్టుమిషనుపై దీపము - ఒక్కటియు లెక్కకు రాదు. ఇంటిలోని సౌఖ్యము నెఱుగుటకు ఇంతకంటె పనికిరాని వేళ లేదని మా యభిప్రాయము.

రెండవ చిక్కు దీపపు రంగు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును నేలగూల్చిన పిదప ఆ నగరమున 90,000కు పైగా వీధిదీపములను తీసివేసి ఎల్.ఇ.డి. దీపములు నిలిపిరి. తక్కువ కరెంటుతో వీధి తెల్లగా వెలిగెను. కాని సువోమి కంటికి నీలివన్నె కాంతి కానరాదు. తెల్లదీపములో ఆ వన్నె చాల గలదు. పచ్చని పాత సోడియం దీపము పోయి తెల్లదీపము వచ్చిన చోట, మనకు వెలుగు హెచ్చినను దానికి తగ్గినట్లు తోచవచ్చును. ఇండ్లలో 60 వాట్ల బల్బు పోయి 9 వాట్లది వచ్చినచో, పొదుపును సైతము పేదరికముగా చదువు ప్రమాదము గలదు.

వ్యవసాయముమాట చెప్పనే యక్కఱలేదు. వరి ఊడ్చుట, గోగు కోసి చెఱువులో నానవేసి నార తీయుట, జీడిపిక్కలు ఒలుచుట - ఇవన్నియు సూర్యుని వెలుగులో జరుగును. మోకాటి నీటిలో నిలిచి నార తీయు స్త్రీ కష్టము ఏ చిత్రమునను పడదు. ఆ నార మిల్లుకు చేరిన పిదప మిల్లుదీపము మాత్రము పడును.

ఇంతమాత్రమున ఈ చిత్రములు నిరుపయోగములని మేమనుట లేదు. 2004 నుండి ఒక గ్రామమున నూటికి పదియిండ్లకు కరెంటున్నచో ఆ గ్రామము విద్యుదీకరింపబడినదని కాగితములపై వ్రాసిరి. తీగ యున్నదా, తీగలో కరెంటున్నదా యను సంగతి వేఱు. బ్రయాన్ మిన్ అను పండితుడు మన దేశపు ఆఱులక్షల పల్లెల రాత్రులను ఇరువదియేండ్ల చిత్రములలో పరీక్షించినది ఇట్టి విషయమును తెలిసికొనుటకే. కాగితము బొంకినను చీకటి బొంకదు. 2017లో పోర్టోరికో ద్వీపమున మరియా తుపాను పిదప ఏయే వాడలకు దీపము తిరిగి రాలేదో ఈ చిత్రములే చూపినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసయొద్ద తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చి, పల్లెలను దినములతరబడి చీకటిలో ముంచిన సంగతి మా జిల్లాలవారు మఱువలేదు. అట్టి సమయమున ఎవరి ఊరు చీకటిలో నున్నదో ఆకసమునుండి చూచి చెప్పువారుండుట గొప్ప సహాయమే.

భారతమున వ్యాసుడు సంజయునకు దూరదృష్టి నొసగుచు, యుద్ధము నంతయు చూచుటయేగాక పరుల మనసులోని తలపును సైతము ఎఱుగునట్లు వరమిచ్చెను. ఈ ఉపగ్రహమునకు వరము సగమే దొరకినది. మా ప్రాంతపు పల్లెలలో చీకటి రెండు విధములు. ఒకటి, పగలెల్ల పనిచేసి అలసి దీపమార్పి నిద్రించు నింటిది. రెండవది, తాళము పడిన యింటిది. శ్రీకాకుళపు కూలీలు విశాఖ, హైదరాబాదు, చెన్నపట్టణములలో మేడలు కట్టుచున్నారు. తీరపు జాలరులు గుజరాతులోని వేరావలు రేవున పడవలెక్కుచున్నారు. వారి చెమటతో వెలిగిన దీపము ఆ పట్టణముల ఖాతాలో పడును. వారు పంపిన సొమ్ముతో ఇచ్చట పెంకుటిల్లు పోయి స్లాబు పడినను, అందు ముసలితల్లి ఒక్కతె పడుకొనియున్నను, మూడవజామున రెండును నలుపే. ఏ ఊరికి బడి కావలెనో, ఏ ఊరికి బస్సు కావలెనో నిర్ణయించువారు ఈ రెండు చీకటులను ఒకటిగా ఎంచినచో, ఉన్నవారికి లేనట్లును, పోయినవారికి ఉన్నట్లును లెక్క తేలును.

జిల్లాల హద్దులవలన మఱియొక పొరపాటు వచ్చును. 2022 ఏప్రిల్ 4న మా రాజాము శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాకు మాఱినది. పాలకొండ, సీతంపేటలు పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినవి. అంతకు ముందటి జిల్లా వెలుగును తరువాతి జిల్లా వెలుగుతో పోల్చువారు, చీకటికొండలు విడిపోయినంతనే శ్రీకాకుళము కలిమి పెరిగినదని భ్రమపడగలరు.

ఇంటి వెలుగునుగూర్చి ఇంటివారినే అడుగు పద్ధతి ఒకటి కలదు. 2011 జనగణనలో ఇంటికి ముఖ్యముగా వెలుగునిచ్చునది కరెంటా, కిరసనాయిలా, సూర్యశక్తియా, అసలు వెలుగే లేదా యని గణకులు అడిగి వ్రాసికొనిరి. ఆ గణకులలో పెక్కుమంది బడిపంతుళ్లే గనుక ఆ కాగితములు మా వంటి యిండ్లకు క్రొత్త కావు. మూసియున్న ఖాళీ యిండ్లను సైతము వారు వేఱుగా లెక్కించిరి. దేశమందలి 33 కోట్ల కట్టడములలో రెండుకోట్ల నలువదియాఱు లక్షలకు పైగా ఆనాడు ఖాళీగా నుండినవి.