మరమగ్గముల మ్రోతయు, తరంగ నిరోధక నిర్మాణములును

ఠాణే జిల్లాయందలి భివండీ పట్టణము మరమగ్గములకు పేరెన్నికగన్నది. తెలంగాణమునుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు అచ్చటి పద్మనగర ప్రాంతమున నివసించుచున్నవి. నాడె ఇటునుండి అటు పరుగిడి ఆగినపుడెల్ల రెండు విధములగు తరంగములు పుట్టును. గాలిలో సాగు ధ్వని ఒకటి. నేలలోను, గోడలలోను ప్రాకు అదురు రెండవది. దినమున ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లకు మించిన రొదలో ఏండ్ల తరబడి పనిచేయువారికి వినికిడి తగ్గును. నాడె మగ్గముల కొట్టములలో మ్రోత సామాన్యముగా ఈ హద్దును దాటుచుండును.

మందపు గోడ ధ్వనిని ఆపును. కాని గాలినిగూడ ఆపును. గాలికి దారి విడిచి ధ్వనిని అడ్డగించు ఉపాయము గలదా? గలదు. ఒకే ఆకృతిగల గదులనో, కడ్డీలనో సమానమైన ఎడములతో మరల మరల కూర్చుటయే ఆ ఉపాయము. అచ్చులోని పళ్ల వరుస నెరిగిన నేతగానికి ఇట్టి కూర్పు క్రొత్త కాదు.

ప్రతి వరుసయు తరంగములో కొంత భాగమును వెనుకకు మరల్చును. ఒక్క వరుస మరల్చునది స్వల్పము. వరుసల నడిమి ఎడము తరంగదైర్ఘ్యములో సగమైనచో, రెండవ వరుసనుండి మరలినది పోయివచ్చుటలో ఒక నిండు తరంగదైర్ఘ్యము అధికముగా నడచి, మొదటిదానితో కలిసి బలపడును. ఇట్లు వెనుకకు మరలునది పెరిగి, ముందునకు పోవునది క్షీణించును. ఆ ధ్వనికి అందు దారి లేదు. దీనిని నిషిద్ధ పట్టీ యనవచ్చును.

1995లో స్పెయిను శాస్త్రజ్ఞులు మాడ్రిడ్ నగరమున యూసెబియో సెంపెరె నిర్మించిన శిల్పముకడ దీనిని కొలిచి చూచిరి. 10 సెంటీమీటర్ల ఎడముతో నిలిచిన ఆ ఉక్కు గొట్టములు సెకనుకు 1670 కంపనముల ధ్వనిని విశేషముగా తగ్గించెను.

అయితే 200 కంపనముల బొంగురు ధ్వనికి తరంగదైర్ఘ్యము 170 సెంటీమీటర్లు. కావలసిన ఎడము 85 సెంటీమీటర్లు. ఇరుకు సందులలో అంత చోటెక్కడిది? 2000లో హాంగ్‌కాంగ్ శాస్త్రజ్ఞులు దీనికి వేరొక త్రోవ చూపిరి. సీసపు గుండ్లకు మెత్తని రబ్బరు తొడిగి, గట్టి పదార్థమున వరుసగా పొదిగిరి. ధ్వని ముందునకు నెట్టునపుడు లోపలి గుండు వెనుకకు ఊగి దానిని ఎదిరించును. గుండ్ల ఎడము 2 సెంటీమీటర్లకు లోపలనే యున్నను, 400 కంపనముల దాపున ధ్వని అణగెను.

మగ్గపు మ్రోత ఒక్క స్వరము కాదు. పెక్కు కంపనముల కలయిక. కావున ఒకే కూర్పు దాని నంతటిని ఆపజాలదు. ఇట్టి తెర కొట్టమునకు ఆవల నిద్రించు శిశువునకు మేలు చేయగలదు గాని, మగ్గముకడ నిలిచినవానికి కాదు. అతనికి చెవి బిరడాలును, మగ్గము క్రింద రబ్బరు దిమ్మలును నేడే అవసరము.