పాత పెట్టెకు అగ్నిపరీక్ష

తెర బిగుసుకుపోతే నేరం గ్రాఫిక్స్ కార్డుదే అనుకోవడం తొందరపాటు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాకు అల్ట్రాసోనిక్ పరీక్ష తప్పదు. పైకి నున్నగా ఉన్నంత మాత్రాన లోపల పగులు లేదని అక్కడ ఎవరూ నమ్మరు. అదే ఊళ్లో, ఉక్కు కొలువు కోసం ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగిళ్లతో సహా, పాత కంప్యూటర్‌ను మాత్రం ఇంత నిష్ఠగా ఎవరు పరీక్షిస్తారు? స్విచ్ వేశారు, బొమ్మ వచ్చింది, బాగానే ఉంది. పిల్లవాడి ప్రాజెక్టు రిపోర్టు సగంలో ఉండగా తెర నిలిచిపోయాక గానీ అసలు సంగతి బయటపడదు.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 10కు 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. మూలనపడ్డ యంత్రంలో తేలికపాటి లినక్స్ వేసి వాడుకుందామనుకునే వారికి తెర దగ్గరే చిక్కు ఎదురవుతుంది. కార్డు మార్చేస్తే సరి అనిపిస్తుంది. చాలాసార్లు అది దండగ ఖర్చు.

2000ల మొదట్లో వచ్చిన చౌక మదర్‌బోర్డుల్లో చాలావాటికి విడిగా గ్రాఫిక్స్ మెమొరీ లేదు. ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటాయి. 256 ఎంబీలో 32 అటు పోతే మిగిలేది 224. తెర మీది బొమ్మ పెద్ద భారమేమీ కాదు. 1024×768 సైజులో, 32 బిట్ల రంగులతో అది 3 ఎంబీ. బరువంతా బ్రౌజర్‌ది. ర్యామ్ నిండగానే సిస్టమ్ హార్డ్‌డిస్క్‌ను అరువు మెమొరీగా వాడుకుంటుంది. డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంది, మౌస్ బాణం కదలదు. చూసేవారికి తెర చచ్చినట్టే. నిజానికది ఆయాసం.

కాబట్టి అనుమానితులను ముందు విడదీయాలి. రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్86+ పెట్టి వదిలేయాలి. తెల్లారేసరికి ఒక్క తప్పు కనిపించినా మొదటి ముద్దాయి ర్యామే. స్ట్రిప్పు తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ పరీక్షించాలి. ర్యామ్ నిర్దోషి అయితే గ్రాఫిక్స్ వంతు. బ్రౌజర్ జోలికి పోకుండా, పళ్ల చక్రాలు తిరిగే గ్లెక్స్‌గేర్స్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను గంటలపాటు నడపాలి, పక్కనే ఓ పాట పెట్టాలి. (అది చూపే ఫ్రేముల అంకె చూసి మురిసిపోనక్కర్లేదు, ఇది వేగం పందెం కాదు.) పాట సాగుతూ బొమ్మ మాత్రం ఆగినా, చారలు పడినా డ్రైవర్‌నో చిప్‌నో అనుమానించాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ అడిగిందా, లోపల సిస్టమ్ బతికే ఉన్నట్టు. ఆ తర్వాతే బ్రౌజర్ ట్యాబులు ఒక్కొక్కటీ తెరుస్తూ, ఎంత మెమొరీ మిగిలిందో 'ఫ్రీ' కమాండ్‌తో చూసుకోవాలి. అన్నీ ఒకేసారి నడిపితే ఏది కూలిందో తేలదు.

భిలాయి మే నెల ఎండ కూడా ఈ పరీక్షలో భాగమే. డిసెంబర్‌లో పాసైన పెట్టె వేసవిలో ఫెయిల్ కావచ్చు. ఫ్యాన్‌లో దుమ్ము సరే, ఆ కాలపు బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బిపోవడం ప్రపంచమంతా ఎరిగిన జబ్బు. మూత విప్పినప్పుడు పైభాగం ఉబ్బిన చిన్న డబ్బాలు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ పరీక్షలు అక్కడితో ఆపేయొచ్చు.

అన్నీ నెగ్గినా ఆశలు మితంగానే ఉండాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, పాత 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. 256 ఎంబీలో నేటి వెబ్‌సైట్లు సాఫీగా తెరుచుకోవు. టైపింగ్‌కు, పాటలకు పనికొస్తుంది. హార్డ్‌డిస్క్ వయసూ అంతే కనుక, రిపోర్టు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండాల్సిందే.