ఓడినవాళ్లకూ ఏడు ఆటలు

ఉప్పల్ అనగానే క్రికెట్టే గుర్తుకొస్తుంది. 2005 నవంబరులో భారత్–దక్షిణాఫ్రికా వన్డేతో ఇక్కడి స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు మొదలయ్యాయి. కానీ అక్కడ ఆడేది ఇరవై ఇద్దరు, మిగతా వేలమందీ చూసేవాళ్లు. ఎవరి కార్డులు వాళ్లే సేకరించి కట్టగా కూర్చుకుని ఆడే పోకెమాన్, మ్యాజిక్, యుగియో వంటి ట్రేడింగ్ కార్డుల టోర్నీకి వచ్చేవాళ్లంతా ఆడటానికే వస్తారు. ఉప్పల్, నాచారం కాలనీల పిల్లలనూ పెద్దలనూ కలిపి అలాంటి పోటీ పెట్టదలచినవాళ్లు బహుమతి సంగతి కన్నా ముందు ఓడినవాళ్ల సంగతి తేల్చుకోవాలి.

నాకౌట్ పద్ధతిలో 128 మంది వస్తే మొదటి రౌండు ముగిసేసరికే 64 మంది ఇంటిదారి పడతారు. మల్లాపూర్ నుంచో బోడుప్పల్ నుంచో బిడ్డను వెంటబెట్టుకుని వచ్చిన తల్లి, ఒక్క ఆటకే వెనుదిరగాల్సి వస్తే మళ్లీ ఎందుకు వస్తుంది? 1895 నాటి జ్యూరిక్ చదరంగం పోటీతో మొదలైన స్విస్ పద్ధతిలో ఎవరినీ పంపేయరు. మన చెస్ పిల్లలకు ఇది బాగా తెలిసిందే. ప్రతి రౌండులో సమానంగా పాయింట్లున్నవాళ్లను జతకలుపుతారు, ఒకసారి తలపడినవాళ్లను మళ్లీ ఎదురుపడనివ్వరు. డ్రాలు లేకపోతే 128 మందిలో ఓటమి ఎరుగని ఒక్కరు తేలడానికి ఏడు రౌండ్లు పడతాయి. నాకౌట్ విజేతకూ అన్నే రౌండ్లు. అయితే నాకౌట్‌లో మొత్తం జరిగేవి 127 పోరాటాలు, స్విస్‌లో 448. పైగా మొదటి రెండూ ఓడిన పిల్లకు మూడో రౌండులో తన స్థాయి జోడీ దొరుకుతుంది. ఆ బల్ల దగ్గర కుదిరిన స్నేహాలే మరుసటి టోర్నీని నింపుతాయి.

రోజంతా పడుతుంది కదా అంటారు. నిజమే. మూడు ఆటల్లో రెండు గెలిస్తే నెగ్గే పోరుకు రౌండుకు 50 నిమిషాలు ఇవ్వడం రివాజు, జతలు ప్రకటించి కూర్చోబెట్టేసరికి గంట దాటుతుంది. అందుకే చిన్నపిల్లలను విడిగా 32 మందికి కుదించి, ఒక్కో ఆటతో తేలే అయిదు రౌండ్లు పెడితే మధ్యాహ్న భోజనానికల్లా ముగుస్తుంది. పెద్దలకు ఎలాగూ ఆదివారం రోజంతా ఉంటుంది. చోటుకు కరువు లేదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఆగిపోయి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. బల్లలు, కుర్చీలు, జనరేటర్, భోజనశాల అన్నీ అక్కడే ఉంటాయి. బోనాల ఆదివారాన్నీ, స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజునూ మాత్రం తప్పించాలి. ఉప్పల్‌కు మెట్రో ఉంది, నాచారం వాళ్లకు హబ్సిగూడ స్టేషన్ దగ్గర.

అసలు అభ్యంతరం వేరు: ముక్కలు పట్టుకుంటే పేకాటేగా? ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు, పేకాట కూల్చిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని చెప్పింది. అదే తీర్పులో, ఆట మీద క్లబ్బు లాభం గుంజితే అది వేరే సంగతి అని కూడా హెచ్చరించింది. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. కాబట్టి నైపుణ్యం అన్న ఒక్క మాటను అడ్డుపెట్టుకోకుండా డబ్బునే ఆటకు దూరంగా ఉంచాలి. నగదు బహుమతి వద్దు. రుసుము హాలుకూ భోజనానికీ సరిపడా ఉంటే చాలు, లెక్కలు గోడకు అంటించాలి.

ఖరీదైన కార్డులున్నవాడిదే గెలుపు అన్న ఫిర్యాదులో నిజముంది. అందుకు మందు కూడా ఉంది: పిల్లల విభాగంలో నిర్వాహకులే ఒకే స్థాయి రెడీమేడ్ డెక్‌లు, అంటే కార్డుల కట్టలు ఇచ్చి, పోటీ ముగిశాక తిరిగి తీసుకోవాలి. కార్డులు మార్చుకునే బల్ల దగ్గర ధరలు తెలిసిన పెద్దమనిషి ఒకరు కూర్చోవాలి, పెద్దవాళ్లెవరూ పిల్లల దగ్గర కార్డు కొనకూడదన్న నియమం పెట్టాలి. ఈ ఏర్పాట్లన్నీ సమకూరేదాకా పిల్లల విభాగం ప్రకటించకపోవడమే మేలు.