డొరొతీ కమెన్షెక్: వృత్తి బేస్‌బాల్‌లో ఒక మహిళ

ఆడినందుకు వేతనం లభిస్తే అది వృత్తి క్రీడ అవుతుంది. అయితే ఆ వేతనం క్రీడాకారిణి నైపుణ్యానికా, లేక ఆమె కనిపించే తీరుకా? ఈ ప్రశ్నను అమెరికా క్రీడాకారిణి డొరొతీ కమెన్షెక్ జీవితం ఆధారంగా పరిశీలిద్దాం.

నేపథ్యం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పురుష క్రీడాకారులు అనేకులు సైన్యంలో చేరారు. బేస్‌బాల్ మైదానాలు బోసిపోతాయేమోనన్న భయంతో చికాగో కబ్స్ జట్టు యజమాని ఫిలిప్ రిగ్లీ 1943లో నాలుగు జట్లతో మహిళల వృత్తి లీగ్‌ను ప్రారంభించారు. సిన్సినాటికి చెందిన కమెన్షెక్ 17 ఏళ్ల వయస్సులో రాక్‌ఫర్డ్ పీచెస్ జట్టులో చేరారు. 1951 వరకు, తిరిగి 1953లో ఆ జట్టుకే ఆడారు.

ఆట, గణాంకాలు

ఆమె స్థానం మొదటి బేస్. బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరేలోగా, ఫీల్డర్ విసిరిన బంతిని బేస్‌ను తాకుతూ పట్టుకుంటే బ్యాటర్ ఔట్. క్రికెట్‌లోని రనౌట్‌ను గుర్తుచేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది.

బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడం హిట్. కమెన్షెక్ 3,736 బ్యాటింగ్ అవకాశాల్లో 1,090 హిట్లు సాధించారు. 1,090ని 3,736తో భాగిస్తే వచ్చే 0.292 ఆమె బ్యాటింగ్ సగటు. 1946, 1947లలో లీగ్‌లో అత్యుత్తమ సగటు ఆమెదే. మూడు స్ట్రైకులతో ఔటవడాన్ని స్ట్రైకౌట్ అంటారు. ఆమె మొత్తం 81 సార్లు మాత్రమే అలా ఔటయ్యారు. అంటే సుమారు 46 అవకాశాలకు ఒకసారి.

నిబంధనలు, పరిమితులు

తొలి రోజుల్లో వేతనం వారానికి సుమారు 45 నుంచి 85 డాలర్లు. దానితోపాటు షరతులూ ఉండేవి. పొట్టి స్కర్టులతోనే ఆడాలి. జారుతూ బేస్ చేరినప్పుడు తొడలు గీసుకుపోయేవి. నడక, అలంకరణ నేర్పే తరగతులకు హాజరు కావాలి. నల్లజాతి మహిళలకు ఈ లీగ్‌లో చోటు దక్కలేదు. టోనీ స్టోన్ 1953లో నల్లజాతి పురుషుల జట్టు ఇండియానాపొలిస్ క్లౌన్స్‌కు ఆడారు.

ఫ్లోరిడాలోని ఒక పురుషుల మైనర్ లీగ్ జట్టు కమెన్షెక్‌ను ఆహ్వానించింది. అది ప్రచారం కోసమేనని భావించి ఆమె తిరస్కరించారు. 1952లో, మహిళలతో ఒప్పందాలు చేసుకోరాదని మైనర్ లీగ్‌ల అధికారులు ప్రకటించారు. దానితో ప్రతిభ ఉన్నా ఆ తలుపు మూసుకుపోయింది.

ఆట తరవాత

లీగ్ 1954తో ముగిసింది. వెన్నునొప్పితో ఆడిన కమెన్షెక్ ఫిజియోథెరపీ చదివి 1958లో పట్టా పొందారు. లాస్ ఏంజెలెస్‌లో వికలాంగ బాలల సేవలో పనిచేశారు. 2010లో మరణించారు.

సారాంశం

యుద్ధకాలపు అవసరం మహిళలకు అవకాశం ఇచ్చింది గాని, సమాన హోదా ఇవ్వలేదు. నైపుణ్యాన్ని అంకెలు నిరూపించినా, తలుపు తెరిచే అధికారం ఇతరుల చేతిలోనే ఉండిపోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

లీగ్ నిబంధనల్లో ఆటకు అవసరమైనవి ఏవి, ప్రదర్శనకు ఉద్దేశించినవి ఏవి? కారణాలతో వివరించండి.