పొట్ట తగ్గించే శస్త్రచికిత్సలు : ఏది వైద్యం? ఏది అలంకరణ?

పెరిగిన పొట్టను శస్త్రచికిత్స ద్వారా సరిచేయించుకోవచ్చునా, అది అల్లాహ్ సృష్టిని మార్చడం క్రిందికి వస్తుందా అనే ప్రశ్న నేడు ముస్లిం కుటుంబాలలో తరచుగా వినవస్తున్నది. అడిగేవారిలో అధికులు స్త్రీలు. జవాబు చెప్పేవారిలో కొందరు “హరాం” అనే ఒక్క మాటతో త్రోసిపుచ్చుతారు. మరికొందరు “ఇదీ వైద్యమే కదా” అని అంతే తేలికగా అనుమతిస్తారు. ఇరువర్గాలవారూ ఒక సంగతి విస్మరిస్తున్నారు. పొట్ట ఆపరేషన్ అనేది ఒకటి కాదు, అనేకం. పొట్ట ఏ కారణంగా పెరిగిందో తేలనిదే ఏ ఆపరేషన్ పనికివస్తుందో డాక్టరు చెప్పలేడు. అదే కారణం తేలనిదే ధర్మాదేశం ఏమిటో ముఫ్తీ కూడా చెప్పలేడు.

కనుక ముందు శరీరం సంగతి చూద్దాం. పొట్టను ఎత్తుగా కనబరిచేవి ముఖ్యంగా నాలుగు. చర్మానికి దిగువన, చేతితో పట్టుకుంటే మడత పడే కొవ్వు ఒకటి. కండరాల గోడకు లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు రెండవది. గర్భధారణ వల్లనో, బాగా లావెక్కి తగ్గినందువల్లనో సాగి వ్రేలాడే చర్మం మూడవది. నాలుగవది కండరాల ఎడం. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరపు పట్టీలు గర్భం పెరిగినప్పుడు ప్రక్కలకు జరుగుతాయి. కాన్పు తరువాత చాలామందిలో అవి తిరిగి దగ్గరవుతాయి, కొందరిలో కావు. ఎడం రెండు సెంటీమీటర్లకు మించితే దానిని లోపంగానే వైద్యులు లెక్కిస్తారు. బాలింతలకు మన పెద్దవాళ్లు నడికట్టు కట్టేవారు. అది నడుముకు ఆసరా ఇస్తుంది గాని, విడిపోయిన కండరాలను కలపలేదు.

లైపోసక్షన్ అనబడే పద్ధతి వీటిలో మొదటిదానికి మాత్రమే పనికివస్తుంది. 1970ల మధ్యలో రోము నగరంలో జార్జియో ఫిషర్, ఆ తరువాత పారిస్‌లో ఇవ్ ఇల్లూజ్ దీనిని రూపొందించారు. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ దీనికి మరింత సురక్షితమైన రూపం ఇచ్చాడు. మత్తుమందు, రక్తస్రావాన్ని అరికట్టే మందు కలిపిన ఉప్పునీటిని చర్మం క్రిందికి ఎక్కించి, కొద్ది మిల్లీమీటర్ల గాటు గుండా సన్నని గొట్టం పెట్టి కొవ్వును పీల్చివేస్తారు. మచ్చలు చిన్నవి, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. కాని కొవ్వు తీసిన తరువాత పైనున్న చర్మం తనంత తాను ముడుచుకోవాలి. బిగువున్న చర్మం ముడుచుకుంటుంది. మూడు కాన్పులకు సాగిన చర్మం గాలి తీసిన తిత్తిలా మరింత వ్రేలాడుతుంది.

రెండవది అబ్డామినోప్లాస్టీ. దీనికి ఒక శతాబ్దికి పైబడిన చరిత్ర ఉన్నది. 1899లో అమెరికాలో హోవర్డ్ కెల్లీ వ్రేలాడే పొట్ట చర్మాన్ని కోసి తీసిన సంగతిని ప్రకటించాడు. 1967లో బ్రెజిల్ వైద్యుడు ఇవో పిటాంగీ కోతను బాగా దిగువకు తెచ్చాడు. ఇందులో ఒక తుంటి నుండి మరొక తుంటి వరకు పొత్తికడుపు క్రింద కోత పెడతారు. చర్మాన్ని ప్రక్కటెముకల దాకా పైకి లేపి, ఎడమైన కండరాలను మధ్యలో కుట్టి దగ్గరకు తెస్తారు. మిగులు చర్మాన్ని కోసివేసి, బొడ్డుకు కొత్త రంధ్రం చేసి బయటికి తీస్తారు. ఇది పెద్ద ఆపరేషన్. మచ్చ జీవితాంతం ఉంటుంది. సుమారు ఆరు వారాలు బరువులెత్తరాదు. చర్మం, కండరాలు రెండూ సడలినవారికి ఇదే మార్గం, లైపోసక్షన్ వారికి ఉపకరించదు. బొడ్డు క్రింద మాత్రమే సడలినవారికి చిన్న కోతతో చేసే పద్ధతి ఉన్నది. రెండు పద్ధతులనూ కలిపి చేయడం కూడా ఇప్పుడు సాధారణమైంది.

ఇక పేగుల చుట్టూ ఉన్న కొవ్వు మాటేమిటి? దానిని ఈ రెండు ఆపరేషన్లూ తాకనైనా తాకలేవు. మన దేశంలోని పురుషులలో గట్టిగా, గుండ్రంగా ముందుకు వచ్చే పొట్ట చాలావరకు ఈ లోపలి కొవ్వే. మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసేదీ అదే. పురుషులకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడాలని దక్షిణాసియా వారికి వైద్యులు హద్దు పెట్టారు. దీనికి మందు మితాహారం, నడక. కడుపులో మూడవ భాగం అన్నానికి, మూడవ భాగం నీటికి, మూడవ భాగం శ్వాసకు విడిచిపెట్టమని బోధించిన దైవప్రవక్త (స) సముదాయం రమజాను రాత్రులలోనే ఎక్కువ తిని బరువు పెరగడం విచారకరం!

ఇక్కడ 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనను పేర్కొనడం అవసరం. పదిహేనుమంది స్థూలకాయ స్త్రీలకు లైపోసక్షన్ ద్వారా అధిక పరిమాణంలో కొవ్వు తీసి, పది పన్నెండు వారాల తరువాత పరీక్షించారు. వారి రక్తపోటులో గాని, ఇన్సులిన్ పనిచేసే తీరులో గాని, రక్తంలోని కొవ్వులలో గాని చెప్పుకోదగిన మెరుగుదల కనబడలేదు. బరువు తగ్గింది, రోగం తగ్గలేదు. ఈ సంగతి ధర్మచర్చకు ఎంత ముఖ్యమో ముందు తెలుస్తుంది.

ఇప్పుడు షరీఅత్ ఆధారాల వద్దకు వద్దాం. అల్లాహ్ సృష్టిని మార్చేలా మానవులను ప్రేరేపిస్తానని షైతాను చేసిన ప్రతిజ్ఞ నిసా సూరా 119వ ఆయతులో ఉన్నది. పచ్చబొట్టు పొడిచేవారిని, అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునేవారిని, ఆ విధంగా సృష్టిని మార్చేవారిని దైవప్రవక్త (స) శపించినట్లు అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. “అందం కోసం” అనే మాటను ఇమాం నవవీ ప్రత్యేకించి పట్టుకున్నారు. సౌందర్యాన్ని ఆశించి చేసేదే నిషిద్ధమని, చికిత్సకో, పంటిలోని లోపానికో అవసరమైతే తప్పులేదని వారు వివరించారు. ఇమాం తబరీ మరింత కఠినంగా చెప్పారు. అయితే బాధ కలిగించే దానిని వారూ మినహాయించారు.

రెండవ ప్రక్కన అర్ఫజా బిన్ అస్అద్ (రజి) గారి ఉదంతం ఉన్నది. అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. బంగారంతో చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పురుషునికి బంగారం నిషిద్ధమైనా, పోయిన రూపాన్ని తిరిగి నిలుపుకోవడానికి అనుమతి లభించింది. పోయిన దానిని తిరిగి పొందడం వేరు, లేని దానిని కోరడం వేరు అనే భేదం ఇక్కడి నుండే వస్తున్నది. స్పెయిన్ దేశపు మహావైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన ‘తస్రీఫ్’ గ్రంథంలో, పురుషుని రొమ్ము స్త్రీ రొమ్మువలె పెరిగితే చర్మం కోసి కొవ్వు తీసివేసే విధానాన్ని వర్ణించాడు. వెయ్యేళ్ల క్రితమే కొవ్వు తీయడం ముస్లిం వైద్యులకు తెలుసునన్నమాట!

అయితే రోగం అనే మాట ప్రతి తలుపునూ తెరవదు. జబ్బు చేసి జుట్టు రాలిపోయిన ఒక అన్సారీ వధువుకు వేరే వెంట్రుకలు అతికించడానికి అనుమతి కోరితే దైవప్రవక్త (స) నిరాకరించారు. అందులో ఎదుటివారిని మభ్యపెట్టడం ఉన్నదని విద్వాంసులు కారణం చెప్పారు.

ఈ ఆధారాలన్నిటినీ పరిశీలించి అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007 జూలైలో మలేసియాలోని పుత్రజయలో జరిగిన 18వ సమావేశంలో 173వ తీర్మానం చేసింది. అవయవానికి దాని సహజ రూపాన్ని లేదా పనితీరును తిరిగి ఇవ్వడానికి, పుట్టుకతోనో, ప్రమాదం, రోగం వల్లనో కలిగిన లోపాన్ని సరిదిద్దడానికి, శారీరకంగానో మానసికంగానో బాధించే వికారాన్ని తొలగించడానికి శస్త్రచికిత్స అనుమతించబడినది. సహజమైన, మామూలు రూపాన్ని మనసుకు తోచినట్లు, ఇతరులను అనుకరిస్తూ మార్చుకోవడానికి అనుమతించబడలేదు. కొవ్వు పీల్చివేతను ఆ తీర్మానం ప్రత్యేకంగా పేర్కొన్నది. బరువు రోగస్థాయికి చేరి, శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం లేనప్పుడు, హాని ఉండదన్న భరోసా ఉంటేనే అది ధర్మసమ్మతం.

2004 నాటి పరిశోధనను ఈ షరతు ప్రక్కన పెట్టి చూడండి. రోగస్థాయికి చేరిన బరువుకు లైపోసక్షన్ మందు కాదని వైద్యశాస్త్రమే చెప్పుతున్నది. అటువంటివారికి ఆహార నియమం, మందులు, అవసరమైతే జీర్ణాశయపు ఆపరేషన్ ఉన్నాయి. మరోవైపు వైద్యులు లైపోసక్షన్‌కు తగినవారని చెప్పేది మామూలు బరువుండి అక్కడక్కడ కొవ్వు పేరుకున్నవారిని. వారిలో రోగమే లేదు! కనుక సులభమైనదిగా, చిన్నదిగా కనబడే ఆపరేషనే ధర్మం దృష్టిలో సమర్థించడానికి కష్టమైనది. పెద్దదిగా, భయంకరంగా కనబడే అబ్డామినోప్లాస్టీకి చాలామంది స్త్రీల విషయంలో బలమైన కారణం ఉన్నది. ఈ తారతమ్యాన్ని మన చర్చలు తరచు తలక్రిందులు చేస్తున్నాయి.

ఇది తెలుగునాట ఉత్త మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పులలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. రెండు మూడుసార్లు కోత పడిన పొట్టలో పాత కుట్టు వద్ద హెర్నియా రావచ్చు, మడతలో చర్మం ఒరిసి పుండ్లు పడవచ్చు. కండరాల ఎడం వల్ల నడుము నొప్పితో పసిబిడ్డను ఎత్తుకోలేని తల్లులున్నారు. అటువంటి స్త్రీ ఆపరేషన్ కోరితే ఆమె కోరేది తన పూర్వపు ఆరోగ్యమే. ఆమెను షోకులకు పోతున్నదని నిందించడం అన్యాయం. ముందు వ్యాయామ చికిత్స ప్రయత్నించాలి, అది చాలనప్పుడు ఆపరేషన్. పెళ్లిచూపులకు నడుము సన్నగా కనబడాలని ఆరోగ్యవంతురాలైన అమ్మాయిని లైపోసక్షన్‌కు తీసుకువెళ్లే తల్లిదండ్రుల విషయం వేరు. ఇది పిల్ల తప్పు కంటే అటువంటి నడుము కోరే అత్తింటివారి తప్పు అని నా అభిప్రాయం. ఆరోగ్య బీమా కంపెనీలు సైతం అలంకరణ ఆపరేషన్లను మినహాయించి, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్, వైద్యపరమైన అవసరం ఉన్నవాటినే అంగీకరిస్తాయి.

కారణం బలంగా ఉన్నంత మాత్రాన చాలదు, ప్రమాదాన్ని కూడా తూచాలి. అదనపు వేలును కోయించుకోవచ్చునా అన్న సమస్యకు ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో ఒక సూత్రం ఉన్నది: అటువంటి కోతలో ఎక్కువగా ప్రాణం పోయేట్లయితే చేయించుకోరాదు, ఎక్కువగా బ్రతికేట్లయితే చేయించుకోవచ్చు. అబ్డామినోప్లాస్టీలో కాలి సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం అరుదైనా ప్రాణాంతకం. చర్మం క్రింద నీరు చేరడం, కుట్లు మానకపోవడం అంత అరుదు కాదు. పొగత్రాగేవారికి, అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆ తరువాతే చేయించుకోవాలి, ఎందుకంటే మరో గర్భం కుట్టిన కండరాలను మళ్లీ సాగదీస్తుంది. లైపోసక్షన్‌లోనూ ఒకేసారి ఐదు లీటర్లకు మించి తీయడం పెద్ద ఆపరేషన్‌గానే లెక్క, రోగిని ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టాలి. కనుక బ్యూటీ పార్లరు వంటి చోట్ల కాక, ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొంది, మత్తుమందు వైద్యుడు, అత్యవసర సదుపాయాలు ఉన్న ఆసుపత్రిలో పనిచేసే వైద్యుని వద్దకే వెళ్లాలి.

సతర్ విషయంలో స్త్రీకి ముస్లిం వైద్యురాలు మొదటి ఎంపిక, లేకుంటే ముస్లిమేతర వైద్యురాలు, ఆమె కూడా దొరకనప్పుడే పురుష వైద్యుడు. అప్పుడు కూడా అవసరమైనంత మేరకే చూడడం, భర్తో, మహ్రమో, నమ్మకమైన స్త్రీయో తోడుండడం నియమం.

ఆపరేషన్ తరువాత నమాజు గురించి అడిగేవారు చాలామంది. అబ్డామినోప్లాస్టీ అయినవారు మొదటి వారం పది రోజులు నిటారుగా నిలబడలేరు. వారు కూర్చుని, రుకూ సజ్దాలు సైగతో చేయవచ్చు. గుసుల్ అవసరమై, నీరు తగిలితే గాయానికి హాని అని డాక్టరు చెబితే కట్టుమీద తడిచేతితో మసహ్ చేయాలి, ఒళ్లు కడుక్కోవడమే హానికరమైతే తయమ్ముమ్ చాలు. నెత్తురు, నీరు పోవడానికి పెట్టిన గొట్టం నుండి ఎడతెగక కారుతున్నంత కాలం హనఫీ శాస్త్రం ప్రకారం ఆ రోగి ‘మాజూర్’ క్రిందికి వస్తారు. ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేవరకు ఆ స్రావం వల్ల వుజూ భంగం కాదు. మత్తులో తప్పిపోయిన ఒకటి రెండు నమాజులను తెలివి వచ్చిన తరువాత ఖజా చేసుకోవాలి.